ఏడున్నర ఎకరాల జాతీయ పార్కు, డోడో చుట్టం, సముద్రం ఈదిన ఏనుగు

బిల్హా స్టేషన్ నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా సముద్రం నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. హావ్‌డా-ముంబయి మెయిన్ లైను మీద బిలాస్‌పూర్‌కీ భాటాపారాకీ నడుమ ఉన్న ఊరు ఇది. చుట్టూ వరిపొలాలు, పగలూ రాత్రీ గూడ్సు బళ్ల చప్పుడు. ఇలాంటి చోట కూర్చుని దీవుల కబుర్లేమిటని అడగొచ్చు. దానికి జవాబు రైల్వే కాలనీల్లోనే ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ వాల్తేరు, బిలాస్‌పూర్ ఒకే సంస్థ కింద నడిచాయి. 1931లో రాయపూర్-విజయనగరం లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్ర కుటుంబాలు ఇటు రావడం ఇంకా తేలికైంది. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి, వాల్తేరు తూర్పు కోస్తా రైల్వేలోకి వెళ్లింది. జోన్లు విడిపోయినా చుట్టరికాలు విడిపోలేదు.

అదే ఉత్తరాంధ్ర తీరం నుంచి ఇంకో పాయ సముద్రం దాటి అండమాన్ చేరింది. 2011 జనాభా లెక్కల్లో అక్కడ తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 13 శాతం పైనే, అంటే సుమారు 50 వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత స్థానం మనదే. బిల్హాలో ఉన్న తెలుగింటికి పోర్ట్ బ్లెయిర్‌లో చుట్టం దొరకడం పెద్ద విడ్డూరమేమీ కాదు. ఆ ఊరికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని కొత్త పేరు పెట్టారు. నోటికింకా పాత పేరే వస్తోంది కాబట్టి ఇక్కడా అదే వాడుతున్నాను.

సెలవులకు దీవులనగానే అందరూ ఇసుక, కొబ్బరిచెట్లు, ఫొటోలు అనుకుంటారు. అసలు సరుకు అక్కడి జాతీయ పార్కుల్లో ఉంది. ఛత్తీస్‌గఢ్ విస్తీర్ణం 1,35,192 చదరపు కిలోమీటర్లు, జాతీయ పార్కులు మూడు: ఇంద్రావతి, కాంగేర్ లోయ, గురు ఘాసీదాస్. అండమాన్ నికోబార్ మొత్తం కలిపి 8,249 చదరపు కిలోమీటర్లు. పాత జాబితాల ప్రకారం అక్కడ పార్కులు తొమ్మిది. కొత్త జాబితాల్లో మూడు బుల్లి దీవులు విడిగా కనబడవు కాబట్టి ఆరు. ఆ బుల్లి దీవులతోనే మొదలెడదాం.

పార్కా, పెరడా?

సౌత్ బటన్ దీవి. పాత ప్రభుత్వ జాబితాల్లో దేశంలోకెల్లా చిన్న జాతీయ పార్కు ఇదే. విస్తీర్ణం 0.03 చదరపు కిలోమీటర్లు, మన లెక్కలో ఏడున్నర ఎకరాలు. బిలాస్‌పూర్ రైల్వే యార్డులో ఇలాంటివి ఎన్నో పట్టేస్తాయి. బస్తర్ వైపు ఇంద్రావతి పార్కు 1,258 చదరపు కిలోమీటర్లు. లద్దాఖ్‌లోని హేమిస్ 4,400, దేశంలో అదే పెద్దది. ప్రపంచంలో పెద్దది ఈశాన్య గ్రీన్‌లాండ్ పార్కు, 9,72,000 చదరపు కిలోమీటర్లు. అందులో ఏడు ఛత్తీస్‌గఢ్‌లు పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది.

ఏడున్నర ఎకరాలకు జాతీయ పార్కు హోదా ఎందుకంటే, కాపాడేది ఆ రాతిముక్కను కాదు, దాని చుట్టూ ఉన్న నీళ్లను, అడుగున ఉన్న పగడాలను. దీవుల్లో పార్కు ఘనత ఎకరాల్లో తేలదు. ఒక జీవి ప్రపంచంలో ఇంకెక్కడా లేకుండా ఈ ఒక్క చోటే ఉందా అన్నదే అక్కడి కొలత. చిన్నదనమే దీవుల రికార్డు.

సౌత్, మిడిల్, నార్త్ బటన్ దీవుల పక్కనే రాణీ ఝాన్సీ సముద్ర జాతీయ పార్కు. 1996లో ఏర్పడింది, విస్తీర్ణం 256 చదరపు కిలోమీటర్లు. పేర్ల విషయంలో ఇంతకు మించిన వింత దేశంలో ఇంకోటి ఉంటుందనుకోను. ఈ దీవుల గుంపులో చాలావాటికి 1857 తిరుగుబాటును అణచిన కంపెనీ సేనానుల, అధికారుల పేర్లే పెట్టారు. హావ్‌లాక్, నీల్, ఔట్రమ్, హెన్రీ లారెన్స్, జాన్ లారెన్స్. దక్షిణాన సర్ హ్యూ రోజ్ అనే చిన్న దీవి కూడా ఉంది. ఝాన్సీ కోటను ముట్టడించింది ఆ హ్యూ రోజే. రాణి పేరున్న పార్కుకు పొరుగున ఆమె శత్రువు పేరున్న దీవి! 2018 డిసెంబరు 30న హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. మిగతా దొరలు పటాల మీద అలాగే ఉన్నారు.

ఇరవై నోటు మీది కొండ

2019కి ముందు అచ్చైన ఎర్రటి ఇరవై రూపాయల నోటు ఎక్కడైనా దొరికితే వెనక్కి తిప్పి చూడండి. కొబ్బరిచెట్లు, సముద్రం, అవతల దీపస్తంభం. పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా ఉన్న మౌంట్ హ్యారియట్ జాతీయ పార్కు నుంచి కనబడే దృశ్యమది. దేశంలో ఎందరో ఏళ్లతరబడి ఈ పార్కును జేబులో పెట్టుకు తిరిగారు, సంగతి తెలియకుండానే. కొత్త నోటు మీద ఎల్లోరా వచ్చి ఆ ముచ్చట తీరిపోయింది.

పార్కు 46.62 చదరపు కిలోమీటర్లు. కొండ ఎత్తు నాలుగు వందల మీటర్లు కూడా లేదు. రాబర్ట్ టైట్లర్ అనే అధికారి భార్య హ్యారియట్ పేరు దానికి పెట్టారు. 1891 ఆంగ్లో-మణిపురి యుద్ధం తర్వాత మహారాజా కులచంద్ర సింగ్‌నూ ఇతర మణిపురీలనూ ఇక్కడికి ద్వీపాంతరం పంపారు. ఆ జ్ఞాపకంగా 2021 అక్టోబరులో దీనికి మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు.

ఈ కొండకో విషాదపు రికార్డు కూడా ఉంది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో సూర్యాస్తమయం చూద్దామని కొండెక్కాడు. దిగి వచ్చి హోప్‌టౌన్ జెట్టీ దగ్గర పడవ ఎక్కబోతుంటే షేర్ అలీ అఫ్రీదీ అనే పఠాన్ ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. పదవిలో ఉండగా హత్యకు గురైన వైస్రాయ్ ఇతనొక్కడే. నెల దాటిన మూడు రోజులకే, మార్చి 11న, షేర్ అలీని వైపర్ దీవిలో ఉరితీశారు. సెల్యులర్ జైలు అప్పటికింకా కట్టనే లేదు. ఆ జైలు కట్టాక అందులో మన్యం తిరుగుబాటు యోధుడు గాం మల్లుదొర కూడా మగ్గాడు. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన మల్లుదొర, స్వాతంత్ర్యం వచ్చాక 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. జైలు చూడ్డానికి వెళ్లే తెలుగువాళ్లు ఆ పేరు గుర్తుంచుకుంటే బాగుంటుంది.

ఎత్తు లెక్కలు

అండమాన్‌లో అన్నిటికన్నా ఎత్తు ఉత్తర కొసన దిగ్లీపూర్ దగ్గరి శాడిల్ పీక్, 732 మీటర్లు. చుట్టూ 32.54 చదరపు కిలోమీటర్ల జాతీయ పార్కు. లామియా బే నుంచి కాలిబాట మొదలై కొంతదూరం సముద్రపు ఒడ్డునే సాగి, తర్వాత అడవిలోకి తిరిగి నిట్టనిలువుగా ఎక్కుతుంది. సముద్రమట్టం నుంచి అడుగు మొదలెట్టి శిఖరం ఎక్కే అవకాశం మధ్య భారతంలో పుట్టిపెరిగినవాళ్లకు కొత్త. మన దగ్గర కొండ ఎత్తు చెబితే, ఊరి ఎత్తు అందులోంచి తీసేయాలి. అక్కడ 732 అంటే మొత్తం 732 మీటర్లూ కాళ్లే మొయ్యాలి. ఈ కొండ నుంచి దిగే కల్పాంగ్ నది మీదే దీవుల్లో తొలి జలవిద్యుత్ కేంద్రం కట్టారు, సామర్థ్యం 5.25 మెగావాట్లు. కోర్బా థర్మల్ కేంద్రాల పొగ చూసి పెరిగినవాళ్లకు నవ్వొచ్చే అంకె. దిగ్లీపూర్‌కు మాత్రం అది చిన్నది కాదు.

ఉష్ణమండల దీవుల్లో ఎత్తు రికార్డంటే న్యూగినీ దీవిలోని పుంచాక్ జయ, 4,884 మీటర్లు. ప్రపంచంలో ఏ దీవి మీదా ఇంతకన్నా ఎత్తయిన శిఖరం లేదు. ఇండోనేషియాలోని లోరెంట్జ్ జాతీయ పార్కులో ఉంది. భూమధ్యరేఖకు అంత దగ్గరగా ఉండీ దాని తల మీద ఇప్పటికీ కాస్త మంచు మిగిలింది, అదీ ఏటేటా కరిగిపోతోంది.

అడుగు మోపితే పోయే పార్కు

ఈ మొత్తం చిట్టాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వండూర్. పోర్ట్ బ్లెయిర్ నుంచి ముప్ఫై కిలోమీటర్లలోపే. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కు అక్కడి జెట్టీ నుంచే మొదలవుతుంది. విస్తీర్ణం 281.5 చదరపు కిలోమీటర్లు, లోపల పదిహేను దీవులు. చాలామటుకు నీళ్లే. అంతకుముందు ఏడాది గుజరాత్‌లోని కచ్ సింధుశాఖలో దేశపు తొలి సముద్ర జాతీయ పార్కు వచ్చింది. ఆ తర్వాతది ఇదే.

సందర్శకులకు తెరిచేది పదిహేనింటిలో రెండే, అవి కూడా వంతులవారీగా. నవంబరు నుంచి వేసవి దాకా జాలీ బాయ్, వానాకాలపు నెలల్లో రెడ్ స్కిన్. ఒక దీవికి మనుషుల తాకిడి ఉన్నప్పుడు రెండోదానికి విశ్రాంతి. ప్లాస్టిక్ సంచులు, వాడి పారేసే సీసాలు జెట్టీ దగ్గరే ఆపేస్తారు. తిండి తిన్నాక చెత్త ఎవరిది వాళ్లే తిరిగి మోసుకురావాలి. పర్యాటక స్థలాల్లో నియమాలంటే బోర్డు మీద రాతలని అలవాటుపడ్డ మనకు అక్కడ సంచీ విప్పి చూడటం ఇబ్బందిగానే ఉంటుంది. ఉండనివ్వండి. నా లెక్కలో దేశంలోని పార్కులన్నీ నేర్చుకోవాల్సిన పద్ధతి అది.

అడుగున గాజుపలక బిగించిన పడవలో కూర్చుంటే కాళ్లకింద పగడాల తోట కదులుతూ కనబడుతుంది. చూడ్డానికి రాయి, కానీ అది జంతువు. ఒక్కో పగడపు దిబ్బలో లక్షల కొద్దీ చిన్న జీవులు సున్నపు గూళ్లు కట్టుకుని ఉంటాయి. వాటి ఒంట్లో కంటికి కనబడనంత చిన్న నాచు కాపురముంటుంది. ఎండను తిండిగా మార్చి పగడాన్ని పోషించేదీ, దానికి రంగులు చాలావరకు ఇచ్చేదీ ఆ నాచే. నీళ్లు మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కి అలా కొన్ని వారాలుంటే పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. తోట తెల్లబడిపోతుంది. 2010లో అండమాన్ పగడాలు ఇలా పెద్దయెత్తున పాలిపోయాయి. కొన్ని కోలుకున్నాయి, కొన్ని కోలుకోలేదు. పాలిపోయిన దిబ్బ మీద ఈతగాడి కాలు పడినా, పడవ లంగరు పడినా ఇక అంతే. చాలా రకాలు ఏడాదికి పెరిగేది సెంటీమీటరో రెండో. అడుగు మోపినవాడి జీవితకాలంలో ఆ జాగా పూడదు.

నిప్పు, బురద, ఒక్క దీవి పక్షి

భారతదేశంలో, ఆమాటకొస్తే దక్షిణాసియా మొత్తంలో, నిప్పులు కక్కుతున్న అగ్నిపర్వతం ఒక్కటే. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలోని బారెన్ దీవి. 1787లో అది పేలడం తొలిసారి లెక్కకెక్కింది. పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగం తర్వాత చల్లారిపోయిందనుకున్నారు. 1991లో ఉన్నట్టుండి మళ్లీ రాజుకుంది, అప్పట్నుంచీ అడపాదడపా పొగ, లావా. నీళ్లపైన కనబడేది 354 మీటర్లే. సముద్రపు అడుగు నుంచి కొలిస్తే రెండు వేల మీటర్ల పైచిలుకు ఉంటుంది. దిగనివ్వరు, ఓడ మీద నుంచి చూడాలి.

బారాటాంగ్‌లో బురద అగ్నిపర్వతాలున్నాయి. పేరు గొప్ప, దృశ్యం నాసి: నేలలోంచి వాయువు తన్నుకొచ్చి బూడిదరంగు బురద బుడగలు బుడగలుగా ఉబుకుతుంది. నిరాశపడటానికి ముందే సిద్ధపడి వెళ్లండి. పక్కనే ఉన్న సున్నపురాతి గుహలు బాగుంటాయి గానీ, బస్తర్‌లో కుటుంసర్ గుహ చూసినవాళ్లకు అవేమంత ఎక్కవు. దారిలో జరావా తెగవారికి కేటాయించిన అడవి వస్తుంది. బళ్లన్నీ కాన్వాయ్‌గా వెళ్లాలి, ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. ఆ మనుషుల్ని చూడ్డానికే వెళ్తున్నామని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది యాత్ర కాదు, అమర్యాద.

ఇంకా ఉత్తరాన నార్కొండం. సుమారు 6.8 చదరపు కిలోమీటర్ల దీవి, చల్లారిన అగ్నిపర్వతం. ఇది జాతీయ పార్కు కాదు, అభయారణ్యం. కానీ రికార్డుల చిట్టాలో దీన్ని వదిలేస్తే చిట్టాకే అన్యాయం. నార్కొండం కొమ్ముపిట్ట ప్రపంచం మొత్తంలో ఈ దీవిలో తప్ప ఎక్కడా లేదు. ఆడపక్షి చెట్టు తొర్రలో దూరి వాకిలి మూసేసుకుని గుడ్లు పొదుగుతుంది, మిగిల్చిన సందులోంచి మగపక్షి పళ్లు అందిస్తుంది. ఇక్కడ రాడార్ కేంద్రం పెట్టాలన్న ప్రతిపాదన వస్తే ఈ పిట్ట కోసమే 2012లో పర్యావరణ శాఖ కాదంది. ఒక పిట్ట రక్షణ శాఖ అర్జీని కొంతకాలమైనా ఆపడం కూడా ఒకరకం రికార్డే.

వెళ్లలేని చోటి వింతలు

అండమాన్ నికోబార్‌లో అన్నిటికన్నా పెద్ద జాతీయ పార్కు కొట్టకొసన, గ్రేట్ నికోబార్‌లో ఉంది. అది క్యాంప్‌బెల్ బే, 426 చదరపు కిలోమీటర్లు. దాని దక్షిణాన 110 చదరపు కిలోమీటర్ల గలాతియా పార్కు. గలాతియా అన్నది 1845-47 మధ్య ప్రపంచం చుట్టొచ్చిన డెన్మార్క్ ఓడ పేరు. నికోబార్‌కు మామూలు యాత్రికులు సులువుగా వెళ్లలేరు, అనుమతులు కావాలి. కాబట్టి ఈ భాగం చదువుకోవడానికే.

దేశానికి దక్షిణపు చివర కన్యాకుమారి అని స్కూల్లో చదివినవాళ్లున్నారు. అది ప్రధాన భూభాగానికి మాత్రమే. దేశం మొత్తానికి చివర గ్రేట్ నికోబార్‌లోని ఇందిరా పాయింట్. అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్ ఐదు వందల కిలోమీటర్ల పైనే, ఇండోనేషియాలోని సుమత్రా దీవి కొస అంతకన్నా చాలా దగ్గర. 2004 డిసెంబరు 26 భూకంపానికి ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. 1972లో నేల మీద కట్టిన దీపస్తంభం మొదలు ఇప్పుడు నీళ్లలో ఉంది.

గలాతియా తీరం ప్రపంచంలోకెల్లా పెద్ద తాబేలుకు పురిటిల్లు. లెదర్‌బ్యాక్ అంటారు. మిగతా తాబేళ్లలా గట్టి చిప్ప ఉండదు, వీపంతా తోలే. ఐదు వందల కిలోలు తూగడం దానికి మామూలు. 1988లో బ్రిటన్‌లోని వేల్స్ తీరానికి కొట్టుకొచ్చినది తొమ్మిది వందల కిలోలు దాటింది. ఆహారం ముఖ్యంగా జెల్లీచేపలు. తేలే ప్లాస్టిక్ సంచి దాని కంటికి జెల్లీచేపే, చావులు కొన్ని అలా వస్తాయి. లిటిల్ అండమాన్‌లో గుడ్లు పెట్టిన ఆడ తాబేళ్లకు శాస్త్రవేత్తలు ఉపగ్రహ యంత్రాలు తగిలిస్తే కొన్ని ఆస్ట్రేలియా వైపు పోయాయి, ఒకటి ఆఫ్రికా తీరం మొజాంబిక్ వైపు 13 వేల కిలోమీటర్లకు పైగా ఈదింది. భారతీయ రైల్వే మీద ఇటు కొస నుంచి అటు కొసకు, దిబ్రూగఢ్ నుంచి కన్యాకుమారికి, మూడు సార్లు పోయినా అంత దూరం రాదు.

ఈ తీరం ఇప్పుడు వివాదంలో ఉంది. 2021 జనవరిలో గలాతియా బే అభయారణ్యం హోదా రద్దయింది. పెద్ద ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్ కలిసిన ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి దానికింద పోతుంది. మలక్కా జలసంధి మొగలో దేశానికి రేవు కావాలన్నది ఒక వాదన. నలభై ఏళ్ల కిందట పుట్టిన తాబేలు గుడ్లు పెట్టడానికి అదే తీరాన్ని వెతుక్కుంటూ వస్తుందన్నది రెండోది. హస్‌దేవ్ అడవి, బొగ్గు గనుల తగువు పక్కనుంచి చూస్తున్న ఛత్తీస్‌గఢ్ పాఠకులకు ఇందులో ఏ వాక్యమూ కొత్త కాదు.

అక్కడే నికోబార్ మెగాపోడ్ అనే పక్షి ఉంది. గుడ్ల మీద కూర్చోదు. ఆకులూ మట్టీ ఇసుకా పోగేసి మనిషి నడుమెత్తు దిబ్బ కట్టి అందులో పాతేస్తుంది. ఆకులు కుళ్లే వేడికి గుడ్డు పొదుగుతుంది. పిల్ల తనంత తానే దిబ్బ తవ్వుకుని బయటపడి, కొద్ది గంటల్లోనే ఎగరగలదు. తల్లి మొహం చూడదు. నేల మీద బతికే సంధిపాదుల్లో అన్నిటికన్నా పెద్దదైన కొబ్బరి పీత కూడా ఈ దీవుల్లో ఉంది. బరువు నాలుగు కిలోల దాకా, కాళ్లు చాపితే మీటరు. కొబ్బరికాయ పీచు ఒలిచి, కన్ను పగలగొట్టి లోపలి కొబ్బరి తింటుంది. చట్టం దీనికి పులికిచ్చినంత రక్షణ ఇస్తుంది.

డోడో చుట్టం, కోరంగి చుట్టాలు

నికోబార్ పావురం ఆకుపచ్చ, రాగి రంగుల్లో మెరిసిపోతుంది, మెడ చుట్టూ జూలు, తోక తెలుపు. ఎముకల డీఎన్‌ఏ పరీక్షించి 2002లో శాస్త్రవేత్తలు తేల్చిందేమిటంటే, అంతరించిపోయిన డోడో పక్షికి ఇప్పుడు బతికున్న జీవుల్లో దగ్గరి చుట్టం ఈ పావురమే. డోడో మారిషస్‌లో ఉండేది, ఎగరలేదు, మనిషంటే భయం తెలియదు. డచ్చివాళ్లు దిగిన వందేళ్లలోపే అయిపోయింది.

ఆ మారిషస్‌కే 1830ల నుంచీ మన కూలీలు ఓడలెక్కి వెళ్లారు. చాలామంది గోదావరి మొగ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లినందువల్ల అక్కడ తెలుగువాళ్లకు కోరంగివాళ్లన్న పేరే స్థిరపడింది. ఉగాది ఈనాటికీ ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. కోరంగి రేవును 1839 తుపాను దెబ్బతీసింది. ఇప్పుడక్కడ మడ అడవుల అభయారణ్యం, చేపలు పట్టే పిల్లులు. మనుషులు పోయిన రేవు, జంతువులకు దక్కింది.

మారిషస్ తొలి జాతీయ పార్కు బ్లాక్ రివర్ గార్జెస్. 1994లో ఏర్పడింది. డోడోను పోగొట్టుకున్న దీవి మిగతావాటినైనా నిలబెట్టుకున్న కథ ఈ పార్కుది. 1974లో మారిషస్ డేగలు ప్రకృతిలో నాలుగంటే నాలుగే మిగిలాయి. అప్పట్లో ప్రపంచంలో అంతకన్నా అరుదైన పక్షి లేదనేవారు. గులాబీ పావురాలు 1990ల మొదట్లో పదికి అటూఇటూ. గుడ్లు తీసి పొదిగించి, పిల్లల్ని చేత్తో పెంచి అడవిలో వదిలారు. ఇప్పుడు రెండూ వందల్లో ఉన్నాయి.

పక్క దీవి రీయూనియన్. ఫ్రాన్స్ అధీనంలో ఉంది, 2007లో జాతీయ పార్కు, 2010లో ప్రపంచ వారసత్వ హోదా. వాన రికార్డులు చిరపుంజివేనని మనకో నమ్మకం. నెలకూ ఏడాదికీ అయితే నిజమే. ఒక రోజు, మూడు రోజుల లెక్కల్లో మాత్రం రీయూనియన్‌దే పైచేయి. 1966 జనవరిలో ఫోక్-ఫోక్ అనే చోట 24 గంటల్లో 1,825 మిల్లీమీటర్లు పడింది. బిలాస్‌పూర్ వైపు ఏడాదంతా కలిపి కురిసేది సుమారు 1,200. అంటే ఒకటిన్నర ఏడాది వాన ఒక్క రోజులో! 2007 ఫిబ్రవరిలో గమేడ్ తుపానుకు కొమెర్సన్ బిలం దగ్గర మూడు రోజుల్లో 3,900 మిల్లీమీటర్ల పైన పడింది.

ఏనుగుల ఓడలు

అండమాన్‌కు ఏనుగులు సొంతం కావు. కలప లాగడానికి ఓడల మీద తెచ్చారు. 1962లో ఒక కలప కంపెనీ వ్యాపారం మూతపడి నలభై దాకా ఏనుగుల్ని ఇంటర్‌వ్యూ దీవిలో వదిలేసి పోయింది. అవి అడవి ఏనుగులైపోయాయి. పెంపుడు ఏనుగులు తిరిగి అడవిపాలవడం దేశంలో ఇంత పెద్దయెత్తున ఇంకెక్కడా కనబడదు. వాటి పాపం దీవిలోని చెట్లకు తగిలింది. బెరడు ఒలిచి, మొక్కలు తొక్కి అడవి రూపే మార్చేశాయి. బ్రిటిష్‌వాళ్లు వేటకని తెచ్చి వదిలిన దుప్పులదీ అదే కథ.

ఒక ఏనుగుకు మాత్రం లోకమంతా అభిమానులున్నారు. రాజన్. దుంగలు మోయించడానికి దీవి నుంచి దీవికి ఈదడం నేర్పారు. కలప పని ఆగిపోయాక హావ్‌లాక్‌లో స్థిరపడి, నీలి సముద్రంలో నాలుగు కాళ్లూ ఆడిస్తూ ఈదే ఫొటోలతో పేరు తెచ్చుకుంది. 2006లో వచ్చిన ‘ది ఫాల్’ అనే సినిమాలోనూ కనబడింది. 2016లో అరవై ఆరేళ్ల వయసులో చనిపోయింది. ఈ దీవుల్లో సముద్రం ఈదిన చివరి ఏనుగుగా దాన్నే చెప్తారు.

బిల్హా నుంచి వెళ్లాలంటే

రైల్వే పాసుకు సముద్రం మీద చెల్లుబాటు లేదు. అయితే నాలుగేళ్లకోసారి, ఆ ఏడాది ప్రివిలేజ్ పాసులు వదులుకుని ఎల్‌టీసీ తీసుకునే వీలు రైల్వే ఉద్యోగులకు 2018 నుంచి ఉంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆఫీసులో అడిగి టికెట్ కొనండి. బిల్హా పక్క స్టేషన్ చకర్‌భాఠాలోనే బిలాసా దేవి కేవట్ విమానాశ్రయం. 2021 మార్చి నుంచి పౌర విమానాలు నడుస్తున్నాయి. అక్కడి నుంచి కోల్‌కతా సర్వీసు ఉన్న రోజు చూసుకుంటే, కోల్‌కతా నుంచి పోర్ట్ బ్లెయిర్ రెండు గంటల పైచిలుకు. తీరిక ఉండి, కడుపులో తిప్పని శరీరమైతే కోర్బా-విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ దిగి, అప్పుడప్పుడూ బయల్దేరే ఓడ తేదీ చూసుకుని ఎక్కొచ్చు. సముద్రం మీద రెండు రోజులు దాటుతుంది.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు తేటగా ఉంటాయి. సోమవారాల్లో వండూర్ పార్కు పడవలు, బారాటాంగ్ గుహలు సాధారణంగా మూసి ఉంటాయి. కాబట్టి సోమవారాన్ని ప్రయాణానికి పెట్టుకోండి. పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే వండూర్, మౌంట్ హ్యారియట్ చాలు. మోకాళ్లు గట్టిగా ఉన్నవాళ్లు శాడిల్ పీక్ దాకా వెళ్లండి, దిగ్లీపూర్ మూడు వందల కిలోమీటర్ల రోడ్డు. స్టీలు సీసాలో నీళ్లు తీసుకెళ్లండి. ఒడ్డున దొరికిన పగడపు ముక్క, శంఖం, గవ్వ ఏదీ సంచిలో వేసుకోవద్దు. పగడాలకూ చాలా రకాల శంఖాలకూ వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది, విమానాశ్రయంలో సామాను తనిఖీలో దొరికిపోతారు.